పశ్చిమ కృష్ణా డెల్టాలో గాలపు వేట

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పంట కాలువల్లో, మురుగు కాలువల్లో, ఊరచెరువుల్లో కర్ర, దారం, కొక్కెంతో చేపలు పట్టే పద్ధతి గాలపు వేట. విసురువల, ఊత, మావు లాంటి పనిముట్లతో సాగే వేట కన్నా దీనిలో పడే చేపలు తక్కువ. కావలసిన తెలివిడి మాత్రం ఎక్కువ. కాలువలో ఎంత నీరుంది, పొలంలో పైరు ఏ దశలో ఉంది, గట్టు మీద ఏ పురుగు ఎగురుతోంది అన్న లెక్కను బట్టి ఇక్కడ ఎర మారుతుంది. చలిదేశాల్లో ట్రౌట్ చేప కోసం ఈకలతో పురుగు బొమ్మ కట్టి నీటి మీదికి విసిరే ఫ్లై ఫిషింగ్ కూడా సరిగ్గా ఈ లెక్క మీదే నడుస్తుంది. అక్కడి విద్య పురుగును అనుకరించడంలో పెరిగితే, ఇక్కడి విద్య పురుగును ఎంచుకోవడంలో పెరిగింది. రెంటికీ ఉన్న చుట్టరికాన్ని చరిత్రకారులు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

ఈ వ్యాసంలో చెప్పే ప్రాంతంలో తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లాలు వేరైనా నీరు ఒకటే.

కాలువలకు ముందు

దక్షిణాదిలో గాలపు వేట గురించి పాత గ్రంథాల్లో వివరంగా చెప్పింది మానసోల్లాసం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు (పాలన 1126–1138) పేరుతో ఉన్న ఈ సంస్కృత గ్రంథంలో రాజుల వినోదాలను వర్ణించే భాగంలో మత్స్యవినోదం అనే ప్రకరణం ఉంది. చేపల రకాలు, ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చేయాలి, దారం దేనితో పేనాలి, కర్ర ఎలా ఉండాలి అన్న సంగతులు అందులో వరసగా కనిపిస్తాయి. వేంగి సీమ కూడా కొంతకాలం ఈ చాళుక్యుల ఏలుబడిలో ఉంది. ప్రసిద్ధ మత్స్య శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణాన్ని శాస్త్రదృష్టితో వివరించే వ్యాసం ప్రచురించాడు. రాజుగారి వినోదం పుస్తకానికెక్కింది. పొలం గట్టున కూర్చుని సాయంత్రం కూరకు నాలుగు పరిగెలు పట్టుకున్న మనిషిని గురించి ఎవరూ రాయలేదు.

ఆనకట్ట తెచ్చిన నీళ్లు

ఈ ప్రాంతపు గాలపు వేటకు నేటి రూపం ఇచ్చింది కృష్ణా ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. పడమటి ఒడ్డున బయలుదేరిన ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలవుతుంది. తెనాలి ఊరి మధ్యగా మూడు కాలువలు పోతాయి. దుగ్గిరాల నుంచి దక్షిణంగా సాగే కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఒకప్పుడు ఈ దారిన పడవలు మద్రాసు దాకా నడిచేవి. పొలాల్లో మిగిలిన నీరు నల్లమడ, తుంగభద్ర, రొంపేరు లాంటి మురుగు కాలువల్లో పడి సముద్రానికి చేరుతుంది.

చేపకు ఇది కొత్త లోకం. అంతకుముందు వానలొస్తే నిండి, ఎండలొస్తే అడుగంటే కుంటల్లో బతికిన కొర్రమీను, మార్పు, ఇంగిలీకం, జెల్ల, బొమ్మిడాయి జాతులకు నెలల తరబడి పారే నీరు దొరికింది. పంట బోదెల మీదుగా అవి వరి మళ్లలోకి ఎక్కాయి. లాకుల కింద నీరు సుడి తిరిగే చోట, తూముల నోట, వంతెనల నీడన గాలం వేసే తావులు ఏర్పడ్డాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు చేపలన్నీ లోతు మడుగుల్లో ఇరుక్కునేవి. జూన్ ప్రాంతంలో నీరు వదలగానే ఎదురీదుతూ పైకి వచ్చేవి. ఇలా ఈ వేటకు ఒక సంవత్సర చక్రం అమరింది.

నష్టం కూడా జరిగింది. ఆనకట్టల వల్ల సముద్రం నుంచి నదిలోకి ఎక్కి గుడ్లు పెట్టే చేపలకు దారి మూసుకుపోతోందన్న ప్రశ్నను 1867లో స్వయంగా కాటనే ప్రభుత్వం ముందుంచాడు. తాను కట్టించిన వాటి గురించే అలా అడగగలగడం ఆయన పెద్దరికం. ఆ తర్వాత సైనిక వైద్యుడు ఫ్రాన్సిస్ డే మద్రాసు రాజధానిలోని నదులను, చేపల వేటను పరిశీలించి నివేదికలిచ్చాడు. 1875–78 మధ్య వెలువడిన ఆయన భారతీయ మత్స్య గ్రంథంలో చాలా చేపలకు తెలుగు పేర్లు కూడా నమోదయ్యాయి. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టం నీటిలో విషం కలపడాన్ని, మందుగుండు పేల్చి చేపలు పట్టడాన్ని నేరం చేసింది. గాలాన్ని మాత్రం ఆ చట్టం తప్పు పట్టలేదు.

నెలను బట్టి ఎర

తొలకరి వాన పడిన సాయంత్రం నేలలోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపాల చుట్టూ ముసిరి, రెక్కలు రాల్చుకుని, కాలువ నీటి మీద పడతాయి. అప్పటిదాకా అడుగున తిరిగిన చేప పైకి వస్తుంది. నీటి మీద వాన చినుకులు పడ్డట్టు చిన్న చిన్న గుండ్రాలు లేస్తుంటే పరిగెలు, పక్కెలు మేస్తున్నాయని గుర్తు. సన్న కొక్కేనికి రెండు మూడు ఉసిళ్లను కలిపి గుచ్చి, సీసం లేకుండా, బెండు ఒక్కటే ఉంచి వదులుతారు. సీసం కడితే ఎర మునిగిపోతుంది. ఆ రోజు మునిగిన ఎరను చేప చూడదు. ఈ వేట ఒకటి రెండు సాయంత్రాల భాగ్యం, ఆ తర్వాత మళ్లీ ఉసిళ్లు లేచినప్పుడే.

వానలు ముదిరి మళ్లలో కప్పపిల్లలు గెంతే రోజులు కొర్రమీనువి. కప్పపిల్ల ప్రాణం పోకుండా వీపు చర్మానికో తొడకో కొక్కెం తగిలిస్తారు. పొడుగాటి వెదురు కర్ర చివర నుంచి దాన్ని గుర్రపుడెక్క, తామరాకుల సందుల్లో నీటిని తాకీ తాకనట్టు ఆడిస్తారు. కొర్రమీను కింద నుంచి వచ్చి టప్పున అందుకుంటుంది. ఆ చప్పుడుకు తొందరపడి కర్ర లేపినవాడికి నోట్లోంచి జారిన కప్పే మిగులుతుంది. చేప ఎరను పట్టి, పక్కకు తిరిగి, మింగేదాకా దారం వదలాలి. ఆ కాసేపు ఓపిక పట్టడమే ఈ వేటలో అసలు పనితనం. కొర్రమీను గాలి పీల్చే చేప కాబట్టి నీటిపైకి వచ్చి మూతి పెట్టే చోటును ముందే కనిపెట్టి ఉంచుకుంటారు.

వరి దుబ్బు కట్టి పొట్టకొచ్చే వేళకు గట్ల గడ్డిలో మిడతలు బలుస్తాయి. గాలికి బోదెలో పడ్డ మిడత కాళ్లు తన్నుకుంటూ కొట్టుకుపోతుంటే గొరక వదలదు. తెల్లవారుజామున మంచుకు తడిసిన మిడత ఎగరలేదు, ఎర కోసం వాటిని ఏరడానికి అదే అదను. కోతల ముందు మళ్లలో నీరు తీసేసినప్పుడు చేపలు బోదెలకు, బోదెల నుంచి మురుగు కాలువలకు దిగుతాయి. అప్పుడు పురుగు పనికిరాదు. బురద నీటిలో వాసన పట్టి తినే జెల్లకు, ఇంగిలీకానికి, బొమ్మిడాయికి వానపామే ఎర. ఈ వైపు వానపామును ఎర్ర అంటారు. పేడకుప్ప అడుగున, అరటి బోదెల కింద తవ్వితే దొరికే ఎర్రలను కొబ్బరి చిప్పలో తడిమన్ను వేసి నిల్వ ఉంచుతారు. చలి తగ్గి నీరు తేటపడ్డాక శీలావతి, బొచ్చె లాంటి పెద్ద చేపల కోసం తవుడు, పిండి ముద్దలు వస్తాయి.

రేపల్లె దాటి కృష్ణ సముద్రంలో కలిసే వైపు, నిజాంపట్నం మడ అడవుల పాయల్లో ఈ పంచాంగం చెల్లదు. అక్కడ నెల కన్నా ఆటుపోటు ముఖ్యం. పోటుతో పాయలోకి వచ్చే పండుగప్పకు బతికున్న రొయ్య ఎర.

చలినీటి చేప, ఈకల పురుగు

పురుగు బొమ్మతో చేపను పట్టే పద్ధతి గురించి తొలి వర్ణన క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ రాతల్లో కనిపిస్తుంది. మాసిడోనియాలోని ఒక నదిలో, నీటి మీద తిరిగే ఈగలను తినే మచ్చల చేపల కోసం జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు రెండు కట్టేవారట. అసలు ఈగనే గుచ్చవచ్చు కదా అంటే, చెయ్యి తగిలితే దాని రంగు పోయి రెక్కలు పాడవుతాయని ఆయన చెప్పిన కారణం. ఈ వ్యాసానికి ఇది కీలకం. ట్రౌట్ తినే నీటి ఈగలు కొక్కేనికి నిలిచేవి కావు, అందుకే బొమ్మ అవసరమైంది. మిడత, కప్పపిల్ల, వానపాము కొక్కేనికి గట్టిగా నిలుస్తాయి. డెల్టాలో ఈకల పురుగు పుట్టకపోవడానికి చేతకానితనం కారణం కాదు.

ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు వేట గ్రంథంలో నెలల వారీగా పన్నెండు ఈకల పురుగుల తయారీ చెప్పారు. 1836లో ఆల్ఫ్రెడ్ రొనాల్డ్స్ అసలు పురుగునూ, దాని బొమ్మనూ పక్కపక్కన రంగు పటాల్లో ముద్రించి, ఏది ఏ కాలంలో ఎగురుతుందో రాశాడు. ఆ కళకు మన దేశం నుంచి కూడా ముడిసరుకు వెళ్లింది. దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి మెడ ఈకలకు అక్కడ విపరీతమైన గిరాకీ ఉండేది. ఆ గిరాకీ పక్షి ప్రాణానికే ముప్పయింది. పక్షి ఈకల ఎగుమతిని భారత ప్రభుత్వం 1902లో నిషేధించింది.

తెనాలి, రేపల్లె ఉన్న మద్రాసు రాజధానిలోనే నీలగిరుల్లో ట్రౌట్‌ను తెచ్చి వదిలే ప్రయత్నాలు 1860లలో ఫ్రాన్సిస్ డేతో మొదలయ్యాయి. 1907లో అవలాంచి దగ్గర పిల్లల ఉత్పత్తి కేంద్రం ఏర్పడ్డాక గానీ ఆ చేప అక్కడ కుదురుకోలేదు. ట్రౌట్‌కు 20 డిగ్రీల లోపు చల్లని నీరు కావాలి. డెల్టా కాలువ నీరు వేసవిలో 30 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి ఇక్కడ ఆ చేప మాటే లేదు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేట గురించి ఒక పుస్తకం రాశాడు. 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించే మరో పుస్తకం తెచ్చాడు. కొండవాగు చేపకు ఒక పద్ధతి, మైదానపు చెరువు చేపకు మరో పద్ధతి ఉండాలని గుర్తించి, రెండోదాన్ని చిన్నచూపు చూడకుండా రాసిన మనిషిగా ఆయన్ను గుర్తుంచుకోవాలి.

మారిన పనిముట్లు, మారిన నీళ్లు

కమ్మరి సాగదీసిన కొక్కెం పోయి ఫ్యాక్టరీ కొక్కెం వచ్చింది. నార్వేకు చెందిన ముస్టాడ్ కంపెనీ 1877లో కొక్కేల తయారీ మొదలుపెట్టింది. అదే పేరు తర్వాత మన సముద్రతీరపు దుకాణాల్లోనూ వినిపించింది. జనుము నార, నూలు దారాల స్థానంలోకి నైలాన్ వచ్చింది. నీటిలో కనపడని దారం దొరకడం నైపుణ్యం లేనివారికి పెద్ద సాయం.

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. 1967 నుంచి నాగార్జునసాగర్ నీరు, 2015లో పట్టిసీమ ద్వారా గోదావరి నీరు ఈ కాలువల్లో నీటి రాకపోకలను మార్చాయి. నీరు వదిలే తేదీ మారిన ప్రతిసారీ ఎర లెక్క కూడా జరిగింది.

దీనికన్నా పెద్ద దెబ్బ పురుగుమందులది. ఎక్కువ దిగుబడి వంగడాలతో పాటు సుడిదోమ ఉధృతి పెరిగింది. బాపట్ల నుంచి 1986లో విడుదలై ఇంటింటి అన్నమైన సాంబమసూరి (బీపీటీ 5204) కూడా దోమకు తట్టుకోలేని వంగడమే. చల్లిన మందు దోమతో ఆగదు, మిడతను, నీటి పురుగును, వాటిని తినే కప్పను తాకుతుంది. ఒకప్పుడు విరివిగా వాడిన ఎండ్రిన్ చేపలకు అత్యంత విషం. కప్పకాళ్ల ఎగుమతి కోసం కప్పలను ఊడ్చి పట్టడం వేరే నష్టం, ఆ ఎగుమతిని 1987లో దేశమంతటా నిషేధించారు. ఎర తగ్గడం వేటగాడి ఇబ్బంది మాత్రమే అనుకోకూడదు. పురుగు లేని పొలంలో చేపకూ మేత లేదు.

నీటిలో కొత్త చేపలూ చేరాయి. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా, 1959లో తెచ్చిన గడ్డిచేప చెరువుల నుంచి కాలువలకు పాకాయి. నిషేధం ఉన్నా పెంచిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ దేశవాళీ మార్పు తావులను ఆక్రమించింది. తీరం వెంట 1990ల నుంచి విస్తరించిన రొయ్యల చెరువుల ఉప్పునీరు మురుగు కాలువల్లోకి చేరింది.

ఇటీవలి కాలంలో రీలు కర్రలతో పాటు రబ్బరు కప్పలు వచ్చాయి. కడుపు కింద కొక్కెం దాచిన ఈ బొమ్మను గుర్రపుడెక్క మీదుగా లాగితే కొర్రమీను అసలు కప్ప అనుకుని దూకుతుంది. అనుకరణ ఎర ఇలా ఆలస్యంగా డెల్టాకు చేరింది. బతికున్న కప్పను గుచ్చనక్కర లేకపోవడం దీనిలో మేలు. కీడు మరోచోట ఉంది. కొర్రమీను జంట తమ పిల్లల గుంపును కనిపెట్టుకుని తిరుగుతుంది. ఎర్రగా నీటిపైకి తేలే ఆ గుంపు మీదుగా కప్ప బొమ్మను లాగితే, ఆకలి లేకపోయినా తల్లిచేపో తండ్రిచేపో మీద పడి చిక్కుతుంది. కాపలా పోయిన పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. ట్రౌట్ వేటలో పట్టిన చేపను తిరిగి వదలడం చాలాచోట్ల అలవాటు. ఇక్కడ పట్టిన చేప పులుసుకే, అందులో తప్పులేదు. పిల్లల గుంపు కనిపించిన మడుగులో మాత్రం ఆ వానాకాలమంతా గాలం వేయకుండా ఉండడం ఇక్కడి వేటగాళ్లు పాటించవలసిన కనీస నియమం.