పాలపిట్ట పూర్వోత్తరములు

విజయదశమినాడు ఊరి పొలిమేర దాటి జమ్మిచెట్టు కడకు బోవునప్పుడు మన కన్నులు ఒక పక్షికొఱకు వెదకుచుండును. అదియే పాలపిట్ట. అజ్ఞాతవాసము ముగిసి ఆయుధములను దింపుకొనునాడు పాండవులు దీనిని జూచిరని పెద్దలు చెప్పుదురు. ఆ కథ అటుండనిండు. ఈ పక్షి పేరు అంతకంటె ప్రాచీనమగు గ్రంథమున గనబడుచున్నది.

సంస్కృతమున దీనిని చాషమనియు, కికీదివి యనియు నందురు. అమరసింహుడు ఈ రెండు పేరులను తన కోశమున జేర్చినాడు. నేను బడిలో అమరము చెప్పునప్పుడు 'కికీదివి' యను మాటకు పిల్లలు పకపక నవ్వెడివారు. పక్షి కూతనుబట్టియే యా పేరు పుట్టినదని నా తలంపు. ఋగ్వేదము దశమమండలమున ఓషధీసూక్తము గలదు. అందు వైద్యుడు యక్ష్మరోగమును బిలిచి, చాషముతో గూడ ఎగిరిపొమ్మని యాజ్ఞాపించును. అచ్చట రూపము 'కికిదీవి'. హ్రస్వదీర్ఘములు తారుమారైనను పేరు మాత్ర మదియే.

ఉత్తరదేశీయులు దీనిని నీలకంఠమందురు. తమాషా యేమనగా, దీని కంఠము గోధుమవన్నె. నీలమంతయు రెక్కలయందును తోకయందును నున్నది. కొమ్మపై ముడుచుకొని కూర్చున్నప్పుడు సామాన్యపు పిట్టవలె నుండి, ఎగిరినంతనే పట్టుచీర కొంగు విప్పినట్లు మెఱయును. ఇక మన పేరు చూడుడు: దీని యీకను తరిగి గడ్డిలో గలిపి పెట్టిన ఆవు పాలు హెచ్చుగా నిచ్చునని జనుల నమ్మకము. పాలు హెచ్చవు, ఈకలు పోవును.

1758లో స్వీడను దేశపు పండితుడగు లిన్నేయసు దీనిని కాకుల వర్గమున వేసి, వంగదేశపు పేరు తగిలించెను. కాకితో దీనికి చుట్టఱికము లేదు. లకుముకిపిట్టకు దూరపు జ్ఞాతి. పిమ్మట పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా స్త్రీల టోపీల యలంకారమునకై మనదేశపు పక్షుల యీకలు ఓడల కెక్కినవి. రంగే దీనికి శత్రువాయెను. 1887లో అడవిపక్షుల రక్షణ చట్టము వచ్చినను, 1902లో ఈకల యెగుమతిని నిషేధించువఱకు ఆ వ్యాపారమునకు గట్టి యడ్డు లేకపోయెను. కొనువారి దేశమగు ఇంగ్లండున దిగుమతి నిషేధము 1921లో గాని రాలేదు.

రైతునకు దీనివలన నేమి ప్రయోజనమని కొంద ఱడుగుదురు. పూసా వ్యవసాయ పరిశోధనశాల వారగు మేసను, లెఫ్రాయి యనువారు పక్షుల కడుపులు కోసి, అవి తిన్న యాహారమును పరీక్షించి 1912లో ఒక గ్రంథము ప్రకటించిరి. పాలపిట్ట ముఖ్యాహారము పురుగులే. మిడుతలు, కీచురాళ్లు, పెంకుపురుగులు, ఒక్కొక్కప్పుడు తేలును, చిట్టెలుకయు దీనికి భోజ్యములు. దున్నునప్పుడు నాగలి వెనుక వ్రాలుట మీరెఱిగినదే.

ఇంత మేలు చేయు పిట్టను దసరాకు ముందు వేటకాండ్రు పట్టి, రెక్కలు కట్టి, జిగురు పూసి, తిండిలేక మాడ్చి, వీధివీధి త్రిప్పి, చూపినందుకు డబ్బు తీసికొనుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకార మిది నేరము. శాస్త్రము ప్రకారముగూడ వ్యర్థమని నేనందును. వరాహమిహిరుడు బృహత్సంహితలో శకునములు చెప్పునప్పుడు దిక్కును, గమనమును, కూతను విచారించెను. రెక్కలు కట్టిన పక్షికి గమన మెక్కడిది, దిక్కెక్కడిది? అట్టిదానిని పదిమార్లు చూచినను శకునము కాదు.

ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపక్షి యిదియే యుండెను. 2018లో వారు రామచిలుకను వరించిరి. తెలంగాణము 2014లో దీనినే నిలుపుకొనినది. ఒడిశాకు, కర్ణాటకమునకు గూడ నిదియే. పదవి యున్నను సంఖ్య తఱుగుచున్నది. దేశమందలి పక్షుల స్థితినిగూర్చి 2023లో వెలువడిన నివేదికలో, నూటికి ముప్పదికి పైగా తగ్గినవానిలో పాలపిట్టను జేర్చినారు. పురుగుమందులు దాని యాహారమును హరించుచున్నవి. ముసలిచెట్లు నఱకుటచే ఇల్లును బోవుచున్నది. ఇది గూడు కట్టదు. మార్చి మొదలు జూను వఱకు చెట్టుతొఱ్ఱలో గాని, తల విఱిగిన తాటిబోదెలో గాని మూడు మొదలు అయిదు గ్రుడ్లు పెట్టును. మీ గట్లమీది యట్టి మోడులను వంటచెఱకునకు గొట్టింపబోవునప్పుడు, వేసవి ముగియువఱకైన నాగి, తొఱ్ఱలో తొంగిచూడుడు.