రంగు మారిన శలభము

రాత్రి దీపము చుట్టును తిరుగు శలభములలో తెల్లనిదొక జాతి, నల్లనిది మరియొక జాతి యని మనము సులభముగా తలపోయుదుము. రంగు ఒక్కటే జాతికి గుర్తు కాజాలదని ఇంగ్లండు దేశపు శలభమొకటి మనకు నేర్పినది.

1758 లో లిన్నేయస్ పండితుడు దీనికి 'బెటులేరియా' అని పేరిడెను. తెల్లని రెక్కలపై మిరియపుపొడి చల్లినట్లు నల్లని చుక్కలుండును. లైకెన్ అను తెల్లని పాచి పట్టిన బెరడుపై పగలు కదలక వ్రాలియున్నచో పక్షులకు సైతము కానరాదు.

1848 లో మాంచెస్టరు పట్టణమున బొగ్గువలె నల్లనిదొకటి చిక్కెను. ఇది వేరు జాతియా? రెక్కల తీరు, బలిసిన శరీరము, మగదానికి ఈకలవంటి మీసములు, అన్నియు పాతదానివే. పిమ్మట రెండింటిని జతపరచి పెంచగా ఒకే కాపులో ఇరువన్నెల సంతతియు కలిగెను. జాతి ఒక్కటే, వన్నెయే వేరు. నడుమ బూడిదవన్నె రూపమును కలదు.

1895 నాటికి ఆ ప్రాంతమున నూటికి 98 నల్లనివే. మిల్లుల పొగ పాచిని చంపి బెరడులను మసిబార్చెను. తెల్లనివి పక్షుల వాతబడెను, నల్లనివి బ్రతికెను. 1956 లో పొగ నివారణ చట్టము వచ్చి గాలి క్రమముగా తేటపడగా తెల్లనివి మరల హెచ్చెను. నేడు నల్లనివే అరుదు.

నల్లనిదానిని వింతపురుగని పారవేయక, దొరికిన ఊరును తేదీని చీటిపై వ్రాసియుంచిన సేకర్తల వలననే ఈ చరిత్ర మనకు దక్కినది. మన దీపము కడకు వచ్చినదానిని గూడ రంగుతో సరిపుచ్చక, రెక్కల తీరును మీసములను పరికింతము, తేదీని వ్రాసికొందము.