అధివాస్తవిక ఛాయాచిత్రము

సర్రియలిజమను వాదము 1924లో ఆంద్రే బ్రెటన్ ప్యారిసున వెలువరించిన ప్రకటనతో రూపు దాల్చెను. మన విజయనగరసీమకది చిత్రముగా గాక కవిత్వముగా వచ్చినది. తెచ్చినవారిలో శ్రీరంగము నారాయణబాబు (1906–1961) అగ్రగణ్యులు. ఛాయాచిత్రమునందు దాని చరిత్ర వేఱు.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. ఛాయలను గలిపినంతమాత్రమున నధివాస్తవికము గాదు. 1857లో రెయిలాండర్ ముప్పదికి మించిన ఫలకములను గూర్చి యొకే చిత్రమును గావించెను. అది నీతికథయే కాని స్వప్నము గాదు. 1957లో మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము వహించిన ‘మాయాబజారు’లోని కనికట్టును నట్టిదే. లడ్డూలు తమంత తాము ఘటోత్కచుని నోటికెగయుచుండ జూపరులు విస్మితులగుదురు. కాని యాతడు మాయావియని కథయే చెప్పుచున్నది. హేతువు చెప్పబడిన వింత యధివాస్తవికము గాదని నా మతము.

1948లో హాల్స్‌మన్ చిత్రకారుడగు డాలీని, మూడు పిల్లులను, విసరిన నీటిని ఒక్క క్షణమున గాలిలో బట్టెను. ఇరువదియెనిమిది మారులు ప్రయత్నింపవలసివచ్చెనట! పిల్లుల యోర్మిని గూడ మెచ్చుకొనవలెను. తరువాత జెర్రీ యుయెల్స్‌మన్ చీకటిగదిలో వర్ధకయంత్రములను వరుసగా నిలిపి, వేర్వేఱు ఫలకముల ఛాయలను ఒకే కాగితముపై బడవైచెను. వేళ్లతో గూడ చెట్టు గాలిలో తేలినది. ఏల తేలెనో చెప్పువాడు లేడు.

‘మాయాబజారు’ వెలువడిన 1957లోనే రస్సెల్ కిర్ష్ తన శిశువు చిత్రమును నిలువున 176, అడ్డమున 176 బిందువులుగా విడదీసి కంప్యూటరున కందించెను. 1990లో ఫోటోషాప్ వెలువడిన పిమ్మట కత్తెరతోను మందునీళ్లతోను బనిలేకపోయెను. ‘మాయాబజారు’ సైతము 2010లో కంప్యూటరు సాయమున రంగులు దాల్చినది. నలుపు తెలుపుల వెన్నెలయే నాకు బ్రియము, అది వేఱుమాట.

చిక్కు మఱియొకటి. నెల్లిమర్ల జూటుమిల్లును రామతీర్థపు బోధికొండపై దలక్రిందుగా వ్రేలాడదీసి, దాని కప్పునుండి చంపావతి జాలువాఱునట్లు చూపుట నేడొక గడియ పని. కొండను మిల్లును ఎఱిగిన నెల్లిమర్లవాడు ఉలికిపడి, పిదప నవ్వును. ఎఱుగని దూరదేశస్థుడు నమ్మినను నమ్మును. మొదటివాని కది కావ్యము, రెండవవానికి కూటసాక్ష్యము. చిత్రము మాత్ర మొక్కటియే.

కావున మార్చిన చిత్రముతోపాటు మార్పునకు ముందటి మూలమును సయితము భద్రపఱుపవలెను. తాళపత్రములకు పాఠాంతరములను జూపు మనకిది క్రొత్త శ్రమ గాదు. రామతీర్థపు గురుభక్తులకొండపై బౌద్ధశిథిలములను జిత్రించువారి కిది మఱింత యవసరము. అందము కొఱకు ఇటుకల వరుస నొకదానిని దుడిచిన చిత్రమును నమ్మి, రేపొకడు ఆ కట్టడపు కొలతను లెక్కింపగలడు.