లోపాన్వేషణము వృత్తియైన విధము

కంప్యూటరు వెలసిన తొలిదినములలో ప్రోగ్రాము వ్రాసినవాడే దానిని పరీక్షించుకొనెడివాడు. వ్రాయుట, సరిచూచుట, దిద్దుట అను మూడు పనులును ఒక్క చేతిమీదుగనే జరిగిపోవుచుండుటచేత, పరులు వ్రాసిన దానిలో దోషములు వెదకుటయే జీవికగా గలవాడొకడు ఉండవచ్చునన్న ఊహ ఆనాటివారికి కలుగలేదు. 1958లో అమెరికావారు మానవుని అంతరిక్షమునకు పంపదలచి మెర్క్యురీ పథకమునకు పూనుకొనగా, దానికి ప్రోగ్రాములు సమకూర్చిన ఐ.బి.ఎమ్. సంస్థలో జెరాల్డ్ వైన్‌బర్గ్ పరీక్షకై ప్రత్యేకముగ ఒక బృందమును నెలకొల్పెను. యాత్రికుని ప్రాణము ప్రోగ్రాముమీద ఆధారపడియున్నచోట, వ్రాసినవాని మాటయే ప్రమాణమని ఊరకుండుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. ఈ వృత్తికి జన్మనిచ్చినది ఆ భయమేయని నా తలంపు.

అయినను పెక్కేండ్లవరకు పరీక్ష యనగా, ప్రోగ్రాము చక్కగా పనిచేయుచున్నదని నిరూపించుటయే యని తలచిరి. 1979లో గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ ‘ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్’ అను గ్రంథమున ఈ భావమును తలక్రిందులు చేసి, దోషములను కనిపెట్టవలెనను సంకల్పముతో ప్రోగ్రామును నడపుటయే పరీక్ష యని నిర్వచించెను. గ్రంథారంభముననే ఆయన పాఠకునికొక చిన్న సమస్య నిచ్చెను. మూడు పూర్ణసంఖ్యలను భుజముల కొలతలుగా గ్రహించి, ఆ త్రిభుజము విషమబాహువో, సమద్విబాహువో, సమబాహువో తెలుపు ప్రోగ్రాము ఒకటి కలదు. దానిని ఏయే సంఖ్యలతో పరీక్షింపవలెను? 3, 4, 5 అనియు, 5, 5, 5 అనియు ఎవరైనను వ్రాయుదురు. 1, 2, 3 కొలతలతో త్రిభుజమే ఏర్పడదని గాని, ఒక భుజము సున్నయైన నేమగునని గాని, 3, 3, 4 అన్నప్పుడు సరిగా పలికిన ప్రోగ్రామే 3, 4, 3 అన్నప్పుడు తప్పవచ్చునని గాని వెంటనే తోచుట అరుదు. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు సైతము 14కు సగటున 7.8 మాత్రమే తెచ్చుకొనుచుండిరని ఆయన వ్రాసెను. ప్రోగ్రాము వ్రాయు నేర్పు వేరు, దానిని శంకించు నేర్పు వేరు అని ఇంతకంటె స్పష్టముగ చూపినవారు లేరు.

ఈ నేర్పునకు క్రమముగ సోపానములు ఏర్పడెను: టెస్ట్ ఇంజనీరు, సీనియర్ టెస్ట్ ఇంజనీరు, టెస్ట్ లీడ్, టెస్ట్ మేనేజరు. 2002లో పరీక్షకుల యోగ్యతను నిర్ణయించు ఐ.ఎస్.టి.క్యు.బి. అను మండలి ఏర్పడి, అంతర్జాతీయముగ చెల్లు యోగ్యతాపత్రములు కూడ వచ్చెను.

మన హైదరాబాదు ఈ కథలో ప్రవేశించినది అమీర్‌పేట ద్వారమున. మైత్రీవనము చుట్టుప్రక్కల సందులలో, ఒకదానిపై నొకటిగా వ్రేలాడు కోచింగు బోర్డులమీద ‘మాన్యువల్ టెస్టింగ్’, ‘టెస్టింగ్ టూల్స్’ అను అక్షరములు జావా, ఒరాకిల్‌లకు దీటుగ వెలిగెను. కోడింగు రాకున్నను టెస్టింగులో ఉద్యోగము దొరకునన్న మాట విని, బి.ఎస్సీ., బి.కాం. చదివినవారును, మెకానికల్, సివిల్ ఇంజనీరింగు పట్టభద్రులును జిల్లాలనుండి వచ్చి, హాస్టలు గదులలో నలుగురైదుగురు సర్దుకొని, జిరాక్సు మెటీరియలు వల్లెవేసిరి. ఎన్నో కుటుంబములు దీనివలననే తేరుకొనెను; ఆ సందులను చులకనగా మాటలాడువారితో నేను ఏకీభవింపజాలను. కాని కోడింగు అక్కరలేదన్న ఆ మాటలోనే ఒక హాని దాగియుండెను. శంకించు నేర్పునకు బదులు పరికరము పేరే విద్య యయ్యెను. విన్‌రన్నర్ అను పరీక్షాపరికరము వచ్చినవాడే టెస్టరు.

పరికరములు నిలువలేదు. విన్‌రన్నర్‌ను తయారుచేసిన మెర్క్యురీ ఇంటరాక్టివ్ సంస్థను 2006లో హెచ్.పి. కొనిన పిమ్మట విన్‌రన్నర్ మరుగుపడి, ఆ సంస్థదే యైన మరియొక పరికరము క్యూటీపీ మిగిలెను; 2004లో జేసన్ హగ్గిన్స్ షికాగోలో ఆరంభించిన సెలీనియం, ఉచితముగ లభించుటచేత, వెబ్ అప్లికేషన్ల పరీక్షలో దానిని వెనుకకు నెట్టెను. సెలీనియమునకు ప్రోగ్రామింగు కావలెను గనుక, కోడింగు తప్పించుకొనుటకై ఈ దారి పట్టినవారే పదియేండ్ల అనుభవము పిమ్మట ‘సెలీనియం విత్ జావా’ బోర్డు వెదకుకొనుచు మరల అమీర్‌పేట మెట్లెక్కవలసి వచ్చెను. 2014 ప్రాంతమున మైక్రోసాఫ్ట్ పెక్కు విభాగములలో పరీక్షకులకని వేరుగానున్న పదవిని తీసివేసి, ఆ భారమును ప్రోగ్రాము వ్రాయువారికే అప్పగించుటతో, టెస్ట్ లీడ్ మీదుగ మేనేజరు వరకు సాగు పాతసోపానము ఇరుకైనది.

అంతటితో దారి మూసికొనిపోలేదు. బ్యాంకింగు, బీమా ప్రోగ్రాములను ఏండ్లతరబడి పరీక్షించి, వడ్డీ ఎచట తప్పునో, క్లెయిము ఎచట చిక్కుపడునో గుమాస్తాలకంటె బాగుగ నెరిగినవారు బిజినెస్ అనలిస్టులైరి. భారమును, వేగమును కొలుచుటలో ఆరితేరినవారు పెర్ఫార్మెన్స్ ఇంజనీర్లైరి. శంకించు స్వభావము బలముగ గలవారు భద్రతాపరీక్షలవైపు మరలిరి.