మైనపు గొట్టం నుండి ల్యాప్‌టాప్ దాకా: నమ్మదగిన ధ్వనిముద్రణ యంత్రం కథ



కళాశాలలో చేరిన పిల్లవాడికి ల్యాప్‌టాప్ కొనడం ఈనాడు చాలా కుటుంబాలలో పెద్ద ఖర్చు. ప్రాజెక్టు నివేదికలు, లెక్కలు, పరీక్షల దరఖాస్తులు అన్నీ దానిమీదనే. సంగీతం నేర్చుకునేవారు అదే యంత్రంపై తమ వీణనో, మృదంగాన్నో, ఇంట్లో అమ్మమ్మ పాడే మంగళహారతినో రికార్డు చేసుకోవాలనుకుంటారు. దుకాణంలో అడుగుపెట్టగానే వినిపించేవి వేగం గురించిన మాటలు: ఏ ప్రాసెసర్, ఎంత మెమరీ, ఎన్ని గిగాబైట్లు. అయితే పాటను పట్టే యంత్రానికి కావలసిన మొదటి గుణం వేగం కాదు. ఆ గుణం ఏమిటో ధ్వనిముద్రణ చరిత్ర మనకు చెబుతుంది. ఈ పాఠంలో ఆ చరిత్రను క్లుప్తంగా చూసి, అందులోనుంచి ల్యాప్‌టాప్‌ను ఎంచుకునే పద్ధతిని రాబట్టుకుందాం.

పాటను పట్టిన తొలి యంత్రాలు

1877లో థామస్ ఆల్వా ఎడిసన్ అమెరికాలో ఫోనోగ్రాఫ్‌ను తయారుచేశాడు. తిరిగే గొట్టానికి చుట్టిన తగరపు రేకు మీద ఒక సూది శబ్దపు కదలికలను గాడిగా గీసేది. అదే గాడిలో సూదిని మళ్ళీ నడిపితే మాట తిరిగి వినిపించేది. కానీ కొద్దిసార్లు వినేసరికే రేకు పాడైపోయేది. శబ్దాన్ని పట్టడం ఒక సమస్య, నిలబెట్టడం మరొక సమస్య అని ఆ మొదటి యంత్రమే తెలియజేసింది. తరువాత తగరపు రేకు స్థానంలో మైనపు గొట్టాలు వచ్చాయి. 1887లో ఎమిల్ బెర్లినర్ గొట్టానికి బదులు బల్లపరుపుగా ఉండే ప్లేటును ప్రవేశపెట్టాడు. అదే గ్రామఫోన్.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. మైక్రోఫోన్ ఇంకా రికార్డింగులోకి రాలేదు. పెద్ద కొమ్ములాంటి గొట్టంలోకి గట్టిగా పాడాలి. ప్లేటు మీద పట్టేది సుమారు మూడు నిమిషాలు. గంటసేపు సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాలలోకి కుదించాలి. మధ్యలో ఒక్క తప్పు దొర్లినా ఆ మైనం పనికిరాదు, మొదటినుంచి మళ్ళీ పాడాలి. ఆ తరువాత మార్కెట్లోకి వచ్చే ప్లేట్లలో మన దేశపు అడవుల్లో దొరికే లక్క ఒక ముఖ్యమైన ముడిపదార్థం.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయాన్ని గమనించండి. ఆ కాలపు రికార్డింగు యంత్రాలలో ప్లేటును తిప్పడానికి చాలాచోట్ల స్ప్రింగును కాక, కిందికి దిగే బరువును వాడేవారు. చుట్టిన స్ప్రింగు విప్పుకుంటున్నకొద్దీ దాని బలం తగ్గుతుంది. బరువు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకే బలంతో లాగుతుంది. ప్లేటు వేగం మారితే శ్రుతి మారుతుంది. కాబట్టి ఆనాటి ఇంజినీర్లు వెతికింది వేగంగా తిరిగే యంత్రం కోసం కాదు, నిలకడగా తిరిగే యంత్రం కోసం. ఈ మాటను గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

టేపు వచ్చింది, ఊరి పాట ఊళ్ళోనే రికార్డయింది

1925లో మైక్రోఫోన్ సహాయంతో విద్యుత్ ధ్వనిముద్రణ మొదలైంది. మెల్లగా పాడే గొంతు కూడా ప్లేటులోకి ఎక్కింది. 1935లో జర్మనీలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని ప్రదర్శించారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత టేపు ప్రపంచమంతటా వ్యాపించింది. తప్పు దొర్లిన ముక్కను కత్తిరించి, బాగున్న ముక్కను అతికించే వీలు కలిగింది.

1963లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్‌ను తెచ్చింది. 1980ల నాటికి మన దేశంలో క్యాసెట్ సంగీత వ్యాపారాన్నే మార్చివేసింది. అంతవరకూ పెద్ద కంపెనీ పిలిస్తేనే పాటకు రికార్డు. క్యాసెట్ వచ్చాక చిన్న పట్టణంలో కూడా భజనలు, జానపద గీతాలు, హరికథలు రికార్డయి అమ్ముడుపోయాయి. టేపురికార్డరును భుజాన వేసుకుని పరిశోధకులు పల్లెలకు వెళ్ళగలిగారు.

అయితే క్యాసెట్‌కు తన బలహీనతలున్నాయి. బ్యాటరీ నీరసించేకొద్దీ మోటారు మెల్లబడి శ్రుతి చెడిపోతుంది. టేపు మీద ‘స్‌స్‌’ అనే రొద ఎప్పుడూ ఉంటుంది. ఒక కాపీ నుంచి మరొక కాపీ తీసేకొద్దీ ఆ రొద పెరుగుతుంది. తేమలో ఉంచితే బూజు పడుతుంది.

దాచడం ఎంత ముఖ్యమో మరొక ఉదాహరణ చెబుతుంది. భారత భాషా సర్వేలో భాగంగా 1913 నుండి 1929 వరకు తొంభైకి పైగా భాషలు, మాండలికాల మాటలను, పాటలను గ్రామఫోన్ ప్లేట్ల మీద ముద్రించారు. వాటిలో తెలుగు కూడా ఉంది. ఆ ప్లేట్లను భద్రపరచి, తరువాత డిజిటల్ రూపంలోకి మార్చినందువల్లనే వాటిని ఈనాడు మనం వినగలుగుతున్నాం. ఈ ఆలోచనతోనే 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ మన దేశంలో సంప్రదాయ సంగీత రికార్డింగుల కోసం ఒక భాండాగారాన్ని నెలకొల్పింది.

శబ్దం అంకెలుగా మారింది

మనిషి చెవి వినగలిగే శబ్దం సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు. ఒక తరంగాన్ని తిరిగి సరిగా నిర్మించాలంటే, అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెండు రెట్లకు మించి సెకనుకు అన్నిసార్లు దానిని కొలవాలి. హారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో దీనిని స్పష్టంగా నిరూపించాడు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్క్ సెకనుకు 44,100 కొలతలు తీసుకుంటుంది. ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా, అంటే 16 బిట్లలో రాస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఎడమ, కుడి రెండు దారులకూ కలిపి ఒక సెకనుకు 1,76,400 బైట్లు. ఒక నిమిషానికి సుమారు 10.6 మెగాబైట్లు. 1981లో వచ్చిన ఆస్‌బర్న్ 1 చేతితో మోసుకుపోగల తొలి కంప్యూటర్లలో ఒకటి. దాని బరువు 10 కిలోలకు పైమాటే. దాని ఫ్లాపీ మీద పట్టేది సుమారు 90 కిలోబైట్లు. అంటే కాంపాక్ట్ డిస్క్ నాణ్యతతో అర సెకను పాట! 1983లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్‌.టి. లోని హార్డ్ డిస్క్ 10 మెగాబైట్లు. అందులో ఒక్క నిమిషం పాట కూడా పట్టదు.

అందుకే 1980లలో కంప్యూటర్ ముందుగా పట్టుకున్నది శబ్దాన్ని కాదు, స్వరం గురించిన సమాచారాన్ని. ఏ మీటను ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారన్న సంగతిని మాత్రమే చేరవేసే ‘మిడి’ పద్ధతి 1983లో వచ్చింది. 1985లో వచ్చిన అటారి ఎస్‌.టి. కంప్యూటరులో మిడి తీగ తగిలించే సదుపాయం లోపలే ఉండటంతో సంగీతకారులు దానిని ఇష్టపడ్డారు. 1991లో వచ్చిన ప్రో టూల్స్‌కు ప్రత్యేకమైన కార్డులు కావలసివచ్చేవి. అది స్టూడియోల స్తోమత. 1996లో యు.ఎస్‌.బి. ప్రమాణం రావడంతో, మైకును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెను బయటినుంచే తగిలించుకునే దారి ఏర్పడింది. 2000లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదలైంది. స్టూడియో ల్యాప్‌టాప్‌లోకి దిగివచ్చింది.

పని ఆగుతుంది, పాట ఆగదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు ఉత్తరం టైపు చేస్తుండగా ల్యాప్‌టాప్ అర సెకను ఆగితే నష్టమేమీ లేదు. మీరూ ఆగుతారు. కానీ పాడుతున్న మనిషి ఆగదు. ఆ అర సెకనులో పాడిన స్వరం యంత్రానికి అందకపోతే అది మళ్ళీ రాదు.

కంప్యూటర్ ఏకకాలంలో అనేక పనులు చూసుకుంటుంది. కాబట్టి వస్తున్న శబ్దాన్ని తాత్కాలికంగా నిలవచేయడానికి ‘బఫర్’ అనే చిన్న నిల్వను వాడుతుంది. దీనిని కుళాయి కింద పెట్టిన బిందెగా ఊహించుకోండి. కుళాయి ఆగదు. బిందె నిండేలోగా దానిని తీసుకుపోయి వంచి రావాలి. బిందె పెద్దదైతే తీరిక ఎక్కువ, కానీ నీరు తొట్టికి చేరడం ఆలస్యం. బిందె చిన్నదైతే నీరు త్వరగా చేరుతుంది, కానీ ఒక్కసారి ఏమరినా పొంగిపోతుంది. ఆ పొంగడమే రికార్డింగులో ‘టిక్’ మనే చప్పుడుగా, తెగిన స్వరంగా వినిపిస్తుంది.

సెకనుకు 48,000 కొలతలు తీసుకునేటప్పుడు 256 కొలతల బఫర్ నిండడానికి సుమారు 5.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో గాలిలో శబ్దం దాదాపు 1.8 మీటర్లు ప్రయాణిస్తుంది. 1,024 కొలతల బఫర్ అయితే 21 మిల్లీసెకన్లు, అంటే ఏడు మీటర్లకు పైగా. పాట లోపలికి వెళ్ళి హెడ్‌ఫోన్‌లోకి తిరిగి వచ్చేసరికి ఈ ఆలస్యం రెట్టింపవుతుంది. తన గొంతే పదిహేను మీటర్ల దూరంనుంచి వస్తున్నట్లు వింటే ఎవరు తాళం తప్పకుండా పాడగలరు? బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఆలస్యం ఇంకా ఎక్కువ. అందుకే రికార్డింగుకు తీగ ఉన్న హెడ్‌ఫోన్లే వాడాలి.

మరి దీనికి చాలా వేగవంతమైన యంత్రం కావాలా? లెక్క చూడండి. ఎనిమిది మైకులను ఒకేసారి 24 బిట్లలో, 48,000 కొలతలతో ముద్రించినా సెకనుకు వచ్చేది 1.15 మెగాబైట్లు మాత్రమే. ఈనాటి సాధారణ ల్యాప్‌టాప్‌కు కూడా అది చాలా తేలిక. కావలసినది ప్రతి బిందెనూ సమయానికి వంచే క్రమశిక్షణ. నూరేళ్ళ కిందటి ఇంజినీరు స్ప్రింగును వదిలి బరువును ఎంచుకున్న కారణమూ ఇదే.

ఎంపికలో చూడవలసినవి

మొదటిది నిలకడ. చాలా పలుచని యంత్రాలలో కొన్ని వేడెక్కగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అరగంట పని చేయించాక ఎలా ఉందన్నదే పరీక్ష. మెమరీ 8 గిగాబైట్లుంటే కొద్దిపాటి రికార్డింగుకు సరిపోతుంది. అనేక వాద్యాలను కలిపి పనిచేసేవారికి 16 గిగాబైట్లు మేలు.

రెండవది నిశ్శబ్దం. తిరిగే హార్డ్ డిస్క్ కన్నా కదిలే భాగాలు లేని ఎస్‌.ఎస్‌.డి. మంచిది. చప్పుడు ఉండదు, చిన్న కుదుపులకు చెడదు. ఫ్యాను చప్పుడు మైకులోకి ఎక్కుతుంది కాబట్టి వీలైతే ఫ్యాను తక్కువగా తిరిగే యంత్రాన్ని ఎంచుకోవాలి.

మూడవది విద్యుత్తు. మన ఇళ్ళలో ఎర్తింగ్ సరిగా లేకపోతే రికార్డింగులో 50 హెర్ట్జ్ ‘గూం’ శబ్దం చేరుతుంది. ఛార్జర్ తీసివేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే చాలాసార్లు అది పోతుంది. కరెంటు పోయినా పాట ఆగదు. అందువల్ల గంటకు తక్కువ కాకుండా నిలిచే బ్యాటరీ సంగీతకారుడికి తప్పనిసరి అవసరం.

నాలుగవది ఆయుష్షు. యు.ఎస్‌.బి. రంధ్రాలు కనీసం రెండు ఉండాలి, వదులుగా ఉండరాదు. బ్యాటరీ, డిస్కు మార్చుకునే వీలుందా, మీ ఊరికి దగ్గరలో మరమ్మతు దొరుకుతుందా అని అడగాలి. వాడిన ల్యాప్‌టాప్ కొనడం తప్పేమీ కాదు. అయితే దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా సవరణలు ఇంకా అందుతున్నాయో లేదో చూసుకోవాలి. ఉదాహరణకు విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఉన్న డబ్బంతా ల్యాప్‌టాప్ మీదనే పెట్టకండి. యంత్రం ఎంత గొప్పదైనా దానిలోని చిన్న మైకు వీణ నాదాన్ని సరిగా పట్టలేదు. మధ్యరకం ల్యాప్‌టాప్, ఒక సాదా ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మంచి మైకు కలిస్తే, ఒక్క ఖరీదైన ల్యాప్‌టాప్ కన్నా మెరుగైన ఫలితం వస్తుంది.

పట్టిన పాటను దాచడం

ఎడిసన్ రేకు నేర్పిన పాఠం ఇప్పటికీ మారలేదు. ఎస్‌.ఎస్‌.డి. కూడా ఒకనాడు, ఒక్కోసారి హెచ్చరిక లేకుండానే, చెడిపోతుంది. కాబట్టి ప్రతి రికార్డింగుకు కనీసం మూడు ప్రతులు ఉండాలి. వాటిలో ఒకటి వేరే ఇంట్లోనో, వేరే ఊళ్ళోనో ఉండాలి. అసలు ప్రతిని 1991 నుండి వాడుకలో ఉన్న ‘వేవ్’ పద్ధతిలో దాచండి. ఒక్క సాఫ్ట్‌వేర్ మాత్రమే తెరవగల ఫైలు ఇరవై ఏళ్ళ తరువాత తెరుచుకుంటుందన్న భరోసా లేదు. ఒక మైకుతో గంటసేపు చేసిన 24 బిట్ల రికార్డింగు సుమారు 520 మెగాబైట్లు. ఈనాటి పెన్‌డ్రైవ్‌లో అలాంటివి ఎన్నో పడతాయి. ఫైలుకు పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయడం మరవకండి. పేరు లేని పాట సగం పోయినట్లే.

నివేదిక పోతే మళ్ళీ రాయవచ్చు. ఊళ్ళో ఒక్కరికే వచ్చిన నాట్ల పాట వారితోనే పోతే మళ్ళీ రాదు. దానిని పట్టే యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు ‘ఎంత వేగం?’ అని కాక, ‘పాట పూర్తయ్యేదాకా ఆగకుండా వింటుందా?’ అని అడగండి.

చేసి చూడండి

1. మీ దగ్గర ఉన్న ఏదైనా కంప్యూటరులో పది నిమిషాలపాటు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఛార్జర్ ఉన్నప్పుడు, లేనప్పుడు వినిపించే తేడాను రాయండి.

2. 512 కొలతల బఫర్‌కు, సెకనుకు 44,100 కొలతల చొప్పున, ఎంత ఆలస్యం అవుతుందో లెక్కకట్టండి.

3. మీ ఇంట్లోని పెద్దవారి పాటను ఒకటి రికార్డు చేసి, మూడు ప్రతులుగా భద్రపరచండి.