బ్రష్షు కొండలు

వియన్నాలో నార్త్‌వెస్ట్ స్టేషన్ అని ఒకటుండేది. 1924లో అక్కడికి ప్రయాణికుల రైళ్లు రావడం మానేశాయి. ఆ ఖాళీ షెడ్డులోకి 1927 నవంబర్‌లో మంచు వచ్చింది. నిజం మంచు కాదు, సోడా ముఖ్య దినుసుగా తయారుచేసిన తెల్లటి పొడి. దాన్ని కనిపెట్టింది జేమ్స్ ఐస్కఫ్ అనే ఆంగ్లేయుడు. స్కీలతో జారడానికి షెడ్డులో వాలు కట్టించింది నార్వే స్కీ జంపర్ డాగ్‌ఫిన్ కార్ల్‌సెన్. ఆల్ప్స్ కొండలు మరీ దూరం కాని వియన్నాకే ఈ ముచ్చట! ప్రారంభోత్సవానికి వచ్చిన నగర మేయర్ కార్ల్ జైట్స్ మీద అదే రోజు ఎవరో కాల్పులు జరిపారు. అదృష్టం, ఆయనకేమీ కాలేదు. సోడా మంచుకు మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. త్వరగా మాసిపోయింది, స్కీలు సరిగా జారలేదు, కొన్ని నెలలకే దుకాణం కట్టేశారు.

పొడితో కాని పని ప్లాస్టిక్‌తో అయింది. 1954లో తూర్పు జర్మనీ కోచ్ హాన్స్ రెన్నర్ స్కీ జంపర్ల కోసం ప్లాస్టిక్ పోగుల చాపలు చేయించాడు. తాటాకు ఇల్లు కప్పినట్టు ఒకదాని మీద ఒకటి పరిచి నీళ్లు చల్లితే, నడివేసవిలో కూడా దూకవచ్చు.

ఈ ప్లాస్టిక్‌ను ఒంటబట్టించుకున్నది బ్రిటన్. కారణం డబ్బే. స్కాట్లాండ్ కొండల్లో మంచు పడుతుంది గానీ దాన్ని నమ్ముకోలేం. ఆల్ప్స్‌కు వెళ్లాలంటే ప్రయాణం, బస, లిఫ్టు టికెట్టు అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి. ఎడిన్‌బరో శివార్లలో పెంట్‌లాండ్ కొండల పక్కన 1964లో హిల్‌ఎండ్ వాలు మొదలైంది. ఆ తర్వాత ఊరూరా అలాంటివి లేచాయి. ఆఫీసు అయ్యాక సాయంత్రం బస్సెక్కి వెళ్లి, అద్దె స్కీలు తగిలించుకుని, ఓ గంట జారి, ఇంటికొచ్చి అన్నం తినవచ్చు.

దగ్గరికెళ్లి చూస్తే ఆ వాలు అచ్చం తిరగేసిన బట్టల బ్రష్షులా ఉంటుంది. పేరు పడ్డ రకం డెండిక్స్, వేల్స్‌లోని చెప్‌స్టోలో తయారయ్యేది. లోహపు పట్టీల్లో బిగించిన గట్టి ప్లాస్టిక్ పోగులు, మధ్యలో ఖాళీ గళ్లు. రాపిడికి స్కీలు వేడెక్కకుండా పైన సన్నగా నీళ్లు చిమ్ముతుంటారు. పడితే మాత్రం అది మంచులా అక్కున చేర్చుకోదు. చర్మం గీరుకుపోతుంది. బొటనవేలు గడిలో ఇరుక్కుంటే మెలి తిరుగుతుంది. అందుకే జూలై ఎండలో కూడా చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాల్సిందే.

ఆల్ప్స్‌లో ఏటా వారం గడిపి వచ్చేవాళ్లకు ఇది పేదవాడి స్కీయింగ్. వాళ్ల వెక్కిరింపులో ఒక లెక్క తప్పింది. ఏడాదికి ఒక్క వారం మంచు మీద జారేవాడు ఎన్ని మలుపులు తిప్పుతాడు? వారానికి మూడు సాయంత్రాలు బ్రష్షు మీద జారే పిల్లవాడు ఎన్ని తిప్పుతాడు? పైగా వాలు చిన్నది, కిందికి చేరడం సెకన్ల పని, వెంటనే మళ్లీ పైకి.

గ్లోస్టర్ ప్లాస్టిక్ వాలు మీద జారిన కుర్రాళ్లలో చెల్టెనమ్‌కు చెందిన ఎడ్డీ ఎడ్వర్డ్స్ ఒకడు. గోడలకు పూత పూసే మేస్త్రీ. కొండ మీద వేగపు పందేల ఖర్చు భరించలేక, చవగ్గా పోతుందని స్కీ జంపింగ్‌లోకి మళ్లాడు. ఆ ఆటలో బ్రిటన్ తరఫున పోటీకి వచ్చేవాళ్లూ లేరు. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో రెండు పోటీల్లోనూ చిట్టచివర నిలిచి ప్రపంచానికంతా తెలిశాడు. అతని కథ చెప్పి నవ్వుకోవడం అందరికీ అలవాటైపోయింది. కానీ అవే వాలుల నుంచి వచ్చిన మిగతావాళ్లను చూడండి. సోమర్‌సెట్‌లోని చర్చిల్ ప్లాస్టిక్ వాలు మీద స్నోబోర్డు నేర్చుకున్న జెన్నీ జోన్స్ 2014లో సోచిలో కాంస్యం గెలిచింది. మంచు మీద జరిగే ఆటల్లో బ్రిటన్ చేతిలో నిలిచిన తొలి ఒలింపిక్ పతకం అదే.

లాంకషైర్‌లోని పెండిల్ స్కీ క్లబ్‌ను నడిపేది సభ్యులే, స్వచ్ఛందంగా. అక్కడ పెరిగిన డేవ్ రైడింగ్ అసలు మంచు మీద కాలుపెట్టేసరికే పన్నెండేళ్లు దాటాయి. ఆస్ట్రియా పిల్లలు ఆ వయసుకు పందేల్లో ఆరితేరి ఉంటారు. 2022 జనవరి 22న, ఆస్ట్రియాలోనే, కిట్జ్‌బ్యూల్‌లో జరిగిన స్లాలమ్‌లో, అంటే కర్రల మధ్య మలుపులు తిరుగుతూ జారే పందెంలో, రైడింగ్ గెలిచాడు. అప్పటికి అతని వయసు 35. ఆల్పైన్ ప్రపంచ కప్ 1967లో మొదలైన నాటి నుంచి బ్రిటన్‌కు అదే మొదటి గెలుపు.

షెఫీల్డ్ కథ వేరు. ఆ ఉక్కు నగరంలో 1988లో స్కీ విలేజ్ తెరిచారు. స్కీలతో విన్యాసాలు చేసే జేమ్స్ వుడ్స్ అక్కడే నేర్చుకున్నాడు. 2012లో అగ్ని ప్రమాదంలో ప్రధాన భవనం కాలిపోయాక ఆ వాలును మళ్లీ తెరవలేదు. వుడ్స్ 2019లో ఆ విన్యాసాల పోటీ అయిన స్లోప్‌స్టయిల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి, అతను జారిన చాపల మధ్య పిచ్చిమొక్కలు మొలిచి ఉన్నాయి.