క్రాక్ (వైఫై భద్రతా లోపం)

క్రాక్ అనేది వైఫై రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2లో బయటపడిన లోపం. కీ రీఇన్‌స్టలేషన్ ఎటాక్స్ అన్న మాటలకు ఇది పొట్టి రూపం. బెల్జియంలోని కేయూ ల్యూవెన్ పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ దీన్ని కనిపెట్టాడు. ఫ్రాంక్ పీసెన్స్‌తో కలిసి రాసిన పత్రం వివరాలు 2017 అక్టోబరు 16న వెల్లడయ్యాయి.

ఫోను రూటర్‌తో కలిసేటప్పుడు రెండింటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. మూడోది అందగానే ఫోను కొత్త కీని అమర్చుకుంటుంది. జవాబు రాకపోతే రూటర్ ఆ మూడో సందేశాన్నే మళ్లీ పంపుతుంది. గాలిలో సందేశాలు తప్పిపోవడం మామూలే కనుక ఈ ఏర్పాటు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. రెండోసారి అందినప్పుడు ఫోను పాత కీనే మళ్లీ అమర్చి, ప్యాకెట్ల లెక్కను మొదటికి తెచ్చేది. ఒకే కీ, ఒకే అంకెతో రెండు ప్యాకెట్లు వెళ్తే వాటిని విప్పే దారి దొరుకుతుంది. ఈ నాలుగు సందేశాల పద్ధతి సురక్షితమని అంతకుముందే గణితంతో నిరూపించారు. ఆ నిరూపణ తప్పు కాదు. కీని ఎప్పుడు అమర్చాలన్నది దాని పరిధిలోకే రాలేదు.

లినక్స్‌లోనూ, ఆండ్రాయిడ్ 6 మొదలుకొని ఆండ్రాయిడ్‌లోనూ వాడిన డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే వైఫై సాఫ్ట్‌వేర్‌ది మరీ విచిత్రం. అమర్చిన కీని వైఫై ప్రమాణం సూచించినట్టే అది మెమరీ నుంచి చెరిపేసేది. దాంతో రెండోసారి అన్నీ సున్నాలున్న కీ అమరేది. ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా పాటించని విండోస్, ఐఫోన్లు మూడో సందేశాన్ని రెండోసారి తీసుకునేవి కావు, అందుకే చాలావరకు తప్పించుకున్నాయి.

దాడి చేసేవాడు సిగ్నల్ అందేంత దగ్గరలో ఉండాలి. హైదరాబాద్ పత్తర్‌గట్టి రాతి తోరణాల బజారు లాంటి చోట అది కష్టమేమీ కాదు. దుకాణాలు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, బేరాల సందడిలో చేతిలో ఫోనుతో నిలబడ్డ మనిషిని పట్టించుకునేవారుండరు. ఈ దాడిలో వైఫై పాస్‌వర్డ్ బయటపడదు కాబట్టి దుకాణదారు దాన్ని మార్చినా లాభం లేదు. కొత్త రూటర్ కొన్నా చాలదు. దానికి కలిసే ఫోన్లు, కెమెరాలు అప్‌డేట్ కావాలి. ఆండ్రాయిడ్‌కు ఆ సవరణ 2017 నవంబరు 6 ప్యాచ్‌తో వచ్చింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లకు అది అందలేదు. బ్యాంకు యాప్‌ల వంటి వాటికి సొంత గుప్తీకరణ ఉండటం కొంత ఊరట. ఇక ఓటీపీతో తెరుచుకునే ఉచిత వైఫైలలో చాలావాటికి డబ్ల్యూపీఏ2 తాళమే ఉండదు, అక్కడ క్రాక్ ఊసే అనవసరం.

డబ్ల్యూపీఏ సప్లికెంట్ రచయిత యౌని మాలినెన్ లోపం వెల్లడైన రోజే సవరణలు విడుదల చేశాడు. అప్పటికే అమర్చిన కీని మళ్లీ అమర్చకపోవడమే వాటి సారం. 2018లో డబ్ల్యూపీఏ2 తర్వాతి తరంగా డబ్ల్యూపీఏ3 వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వాన్‌హూఫ్, ఎయాల్ రోనెన్ దానిలో పరికరాలు కలిసే పద్ధతి (హ్యాండ్‌షేక్)లోనూ లోపాలు చూపారు. వాటికి డ్రాగన్‌బ్లడ్ అని పేరు.